సముద్రం మీద మూడు మంటలు

ఎడమ ఇంజను దగ్గుతోంది. దగ్గనీ, ఇంకొక్క గంట దగ్గుతూనే తిరిగితే ఇల్లు చేరతాం అనుకున్నాడు ఒరితా జెంజో, అనుకున్నాక ఇల్లు అన్న మాటకి తనకే నవ్వొచ్చింది. క్యుషు దీవి దక్షిణపు కొసన, చిలగడదుంప చేలు చదును చేసి వేసిన విమానాల మైదానం, సకురాజిమా కొండ కక్కిన బూడిద పడి ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడని దుప్పట్లు, అన్నంలో సగానికి సగం దుంప ముక్కలు, అదీ ఇల్లు. తెల్లవారుజామున చీకట్లో అమెరికా నౌకల మీద పడ్డారు. ఇప్పుడు ఏమీ జరగనట్టు ఎండ కాస్తోంది, కింద సముద్రం ఇంత అందంగా ఉండాల్సిన అవసరం ఏమొచ్చిందో తెలియదు. విమానం నడిపేది కుసానో. జెంజో పని నడపడం కాదు, దారి పట్టడం, చూడడం, చూసింది తిరిగొచ్చి పైవాళ్ళకి చెప్పడం. ఏడుగురి మీద పెత్తనం అతనిదే. ఏడుగురిలో ఇప్పుడు ఆరుగురు. తోక దగ్గర తుపాకీ పట్టినవాడి మీద ఎవరో కోటు కప్పారు, విమానం అదిరినప్పుడల్లా ఆ కోటు చేతులు కదులుతున్నాయి, అటు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. చూడ్డానికే కదా నౌకాదళం ఇన్నేళ్ళు తనకి తిండి పెట్టింది.

మిగతావాళ్ళు దూరం నుంచి చూసింది తను దగ్గర నుంచి చూశాడు, అదే వచ్చిపడ్డ చిక్కు. పైన మనవాళ్ళు వదిలిన వెలుగుబాంబులు తెల్లగా వేలాడుతున్నాయి, నౌకల మీంచి తూటాలు ఎదురువానలా లేస్తున్నాయి, కుసానో విమానాన్ని అలల మీదికి దించాడు, ఇంకాస్త దించితే నురుగు అద్దానికి తగిలేది. కుడిపక్కన తన స్నేహితుడు నగమినె విమానం రెక్క పక్కన రెక్క పెట్టి వస్తోంది. తమ టార్పెడో వదిలారు, అది ఎటు పోయిందో పోయింది, నౌక తీరిగ్గా పక్కకి తిరిగింది. నగమినె టార్పెడో వదలనేలేదు. వదలకముందే అతని విమానం అంటుకుంది. ఈ విమానాలకి ఒక్క తూటా చాలు, రెక్కల నిండా పెట్రోలు, చుట్టూ ఉత్త రేకు. దూరాలు పోవాలంటే తేలిగ్గా ఉండాలన్నారు, తేలికచేయడానికి తీసేసిన వాటిలో మనుషుల్ని కాపాడేవన్నీ పోయాయి. నీళ్ళలో పడి కూడా మండింది. కాస్త అవతల ఇంకొకటి. ఇంకాస్త అవతల మూడోది. కుసానో తప్పించుకునే తొందరలో సరిగ్గా ఆ మంటల వరస పక్కనుంచే తీసుకుపోయాడు, మొదటి మంట వెలుగులో ఒక తోక నిటారుగా నిలబడి ఉంది, దాని మీద తెల్ల అంకె, అది నగమినె అంకె. రెండో మంటలో విరిగిన రెక్క, రెక్క మీద మన ఎర్ర సూర్యుడు. మూడోదీ మనదే. వాటి వెనక అమెరికా విమానవాహక నౌకలు నల్లగా, నిండుగా, ఒంటి మీద గీత పడకుండా, బారు తీరి వెళ్ళిపోతున్నాయి.

రేడియో ముందు కూర్చున్న ఉసుయి చెవులకి గొట్టాలు తగిలించుకునే ఉన్నాడు. తూటా తగిలి మాట పంపే పెట్టె చితికిపోయింది, మాట వినే పెట్టెకి ఏమీ కాలేదు, దేవుడికి కూడా ఎగతాళి తెలుసు కాబోలు. అందుకని ఈ గంట నుంచీ వింటున్నారు, చెప్పలేరు. ముందుగా పోతున్న మనవాళ్ళ విమానం ఒకటి చెప్పింది, వాహక నౌక ఒకటి మంటల్లో ఉంది అని. ఇంకొకటి చెప్పింది, రెండు. కాసేపటికి మొదటిదే మళ్ళీ చెప్పింది, మూడు, మూడూ మునుగుతున్నాయి అని. ఉసుయి ఒక్కొక్క మాటా వినగానే వెనక్కి తిరిగి జెంజో మొహం చూశాడు, మూడోసారి చూడడం మానేశాడు. వాళ్ళు అబద్ధమాడడం లేదు, అదే కడుపు మండిపోయే సంగతి. చీకట్లో, ఎత్తు మీంచి, దూరం నుంచి, నీళ్ళ మీద మంట కనిపిస్తే మండేది శత్రువే అనుకోవడానికి పెద్ద దుర్మార్గం అక్కర్లేదు. మనవాడు మండుతున్నాడనుకోవడానికే గుండె కావాలి.

నిన్న సాయంత్రం బయల్దేరబోయే ముందు మత్సుయే అందర్నీ నిలబెట్టి చెప్పాడు. పథకాలన్నీ వేసే అధికారి అతనే, శుభ్రమైన గోళ్ళు, మెత్తటి గొంతు. ఈ రాత్రి మీరు వాళ్ళ నడుం విరిస్తే పొద్దున పగటి దళాన్ని పంపి మిగిలినదాన్ని ఊడ్చేస్తాం, విరగకపోతే పగటి దళం కదలదు, చీకటి పడేదాకా చెట్ల కిందే ఉంటుంది, అన్నాడు. ఆ పగటి దళంలో మినోరు ఉన్నాడు. జెంజో తమ్ముడు, అమ్మకి నడివయసులో పుట్టినవాడు, చక్రాలు కడుపులోకి ముడుచుకోవడం కూడా రాని పాత బాంబరు నడుపుతాడు. వాహక నౌకలు బతికుంటే వాటి మీంచి లేచే విమానాలకి ఆ పాత బళ్ళు ఒక పూట పని కూడా కాదు. ఒక్కటీ తిరిగిరాదు, ఇది జెంజోకి తెలుసు, మత్సుయేకీ తెలుసు, అందుకే కదా ఆ షరతు పెట్టాడు. కాబట్టి సంగతి చాలా తేలిక. జెంజో వెళ్ళి, నౌకలన్నీ తేలుతున్నాయి, మండినవి మనవి, అని చెప్పాలి, మినోరు చెట్టు కింద పడుకుని ఈ ఒక్క రోజూ దుంపలు తినాలి. ఇంత తేలికైన మాటని గంట నుంచీ మనసులో ఎందుకు వల్లె వేసుకుంటున్నాడో మరి.

ఎందుకో తెలుసు. తెలియనట్టు నటించడం కూడా అలవాటైపోయింది. నౌకాదళంలో విమానం పడిపోదు. తిరిగిరాని విమానాన్ని పడిపోయిందని ఎవరూ అనరు, తన్ను తాను శత్రువు మీద కొట్టుకుందని అంటారు, అని ఊరుకోరు, దానికి తగిన నౌకని కూడా వెతికి ఆ చచ్చినవాడి పేర రాస్తారు. పెద్దవాడైతే పెద్ద నౌక. పోయిన ఏడాది ఒక కుర్ర అధికారి, ఎవరైనా కళ్ళారా చూశారా అని అడిగాడు, అడగడమే, మత్సుయే చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టి, చచ్చిపోయినవాళ్ళని సాక్ష్యం అడుగుతున్నావా అన్నాడు, అంత మెత్తగానూ అన్నాడు, మర్నాటికి ఆ కుర్రవాడు ఏ దీవికి పోయాడో తెలియదు. మొన్న రాత్రి తాగుతూ నగమినె ఈ సంగతి మీదే పొట్ట పట్టుకుని నవ్వాడు, మనం ఇప్పటికి అమెరికా నౌకలన్నిటినీ రెండేసి సార్లు ముంచాం గదరా జెంజో, వాళ్ళు నీళ్ళ కిందే ఓడలు కట్టడం నేర్చుకున్నారు కాబోలు, పైకి తేల్చడమే తరువాయి, అన్నాడు. వాడి నవ్వు చాలా మోటుగా ఉండేది. గో ఆటలో రాళ్ళు జరిపేవాడు, దొరికితే బల్ల వంకరగా ఉందనేవాడు. స్నానాల తొట్టిలో వాడు దిగితే మిగతావాళ్ళకి నీళ్ళు ఉండేవి కావు. వాడు ఇప్పుడు ఎన్ని నౌకలు ముంచాడని రాస్తారో, ఒకటా, ఒకటిన్నరా, వాడే బతికుంటే రెండు రాయించుకోరా అని వేళాకోళం చేసేవాడు, వాడే బతికుంటే ఈ మాట చెప్పడానికి తోడు వచ్చేవాడు, వెధవ, టార్పెడో వదలను కూడా లేదు.

నాన్న గుర్తొచ్చాడు. ఈ వేళప్పుడు ఎందుకు వచ్చాడో, ఎండ పడ్డ సముద్రం చూసి వచ్చాడేమో. తోసా తీరంలో కత్సువో చేపల పడవ నాన్నది. వేట బాగా పడితే పడవ మీద రంగుల జెండా ఎగరేసి వస్తారు, దూరంగా ఆ రంగులు కనిపించగానే ఒడ్డున ఆడవాళ్ళు పొయ్యిలు రాజేసి పెద్ద గంగాళాల్లో నీళ్ళు మరిగించడం మొదలుపెడతారు, చేప దిగీదిగగానే ఉడకాలి గనక. నాన్న ఉత్త చేతులతో వస్తే జెండా లేకుండానే వచ్చేవాడు. ఒకేడు వరసగా అలాగే వచ్చాడు, ఊళ్ళో నవ్వారు, ఒరితా వాళ్ళ జెండా ఎలకలు కొట్టేశాయా అని అడిగారు, అమ్మ తలొంచుకుని పోయేది. ఆ ఏడే పక్కింటి పడవవాడు పరువు కోసం ఖాళీ పడవ మీద జెండా ఎగరేసుకొచ్చాడు. గంగాళాలు మరిగాయి, కట్టెలు కాలాయి, పడవలోంచి బుట్టెడు చేపలు కూడా దిగలేదు. ఆడవాళ్ళు వాణ్ణి ఒడ్డునే దులిపేశారు, మర్నాడు మొదలుకొని వాడికి ఊళ్ళో ఎవరూ చుట్ట కూడా ముట్టించలేదు, చివరికి పడవ అమ్ముకుని ఎటో పోయాడు. కట్టెలు వృథా అయినందుకు అంత చేసిన ఊరు. ఆ ఊరి మనుషులే, వాళ్ళ కొడుకులే, ఇప్పుడు ఖాళీ పడవల మీద జెండాలు ఎగరేస్తే రేడియో ముందు చేరి చప్పట్లు కొడుతున్నారు, లాంతర్లు పట్టుకుని ఊరేగుతున్నారు. తగలబడేది కట్టెలు కావు గదా, అందుకు.

"ఒరితా గారూ, ముద్ద తింటారా?" కుసానో వెనక్కి తిరక్కుండానే అడిగాడు. బయల్దేరేటప్పుడు ఇచ్చిన అన్నం ముద్దలు, నల్ల ఆకు చుట్టి, మధ్యలో ఉప్పు ఊరిన ఉమె కాయ పెట్టినవి, ఏడూ అలాగే ఉన్నాయి. "నువ్వు తిను" అన్నాడు జెంజో. కుసానో ఒక చేత్తో తింటూ ఉన్నట్టుండి, "అవి మనవే గదండీ?" అన్నాడు. అంటే నడుపుతూ వీడూ చూశాడన్నమాట. "మనవే." కుసానో నమిలి మింగి, "మీరు చెప్తారుగా, నేను చిన్నవాణ్ణి, నన్నెవరూ అడగరు" అన్నాడు, ఆ గొంతులో బతిమాలడమూ ఉంది, బతికిపోయానన్న ధీమా కూడా ఉంది. జెంజోకి కోపం రాలేదు. చెప్తాను అన్నాడు, గట్టిగానే అన్నాడు, అన్నాక ఒళ్ళు తేలికైంది. నగమినెకి ఏ నౌకా వద్దు, వాడి పెళ్ళానికి వాడు నవ్వేవాడని చెప్తే చాలు, తను వెళ్ళి చెప్తాడు. మినోరు బతకాలి, అంతే, ఇందులో ఆలోచించడానికి ఏముంది. దూరంగా సకురాజిమా పొగ కనిపించింది. పొద్దున్నే బూడిద పోస్తోంది, ఉతికిన బట్టలు ఎవరైనా తీశారో లేదో.

చక్రాలు నేల తాకి, దుమ్ములో ఎగిరి, మళ్ళీ తాకి ఆగాయి. కొండ వాలులో తవ్విన గదిలో మత్సుయే ఉంటాడు, అక్కడికి పోయే దారి నగమినె విమానం నిలిపే చోటు పక్కనుంచే పోతుంది, ఇంకో దారి లేదు. అక్కడ ఇవామురా నిలబడి ఉన్నాడు. నగమినె విమానాన్ని చూసుకునే మెకానిక్కుల పెద్ద, నలభై దాటినవాడు, చక్రాలకి అడ్డం పెట్టే చెక్కదిమ్మ ఒకటి చంకలో ఇరికించుకున్నాడు. విమానం వచ్చేదాకా దాని చోటు విడిచి కదలకపోవడం వాళ్ళ పద్ధతి. వెనకే అతని మనుషులు వరసగా ఉన్నారు, మైదానం మీద ఆకాశమంతా ఖాళీగా ఉన్నా చూపులు దించడం లేదు. నిన్నంతా ఇవామురా ఆ కుడి ఇంజను విప్పి బిగించాడు, కొత్త భాగం దొరక్క పాతదాన్నే రుద్ది రుద్ది వేశాడు, అది జెంజోకి తెలుసు. విమానం దారిలోనే చెడి నీళ్ళలో దిగిపోతే ఆ తప్పు మెకానిక్కుదే. ఎవరూ ఒక్క మాట అనరు. అనకుండానే మనిషి కుళ్ళిపోతాడు, ఇంతకుముందు అలా అయినవాడొకడు దూలానికి ఉరేసుకున్నాడు.

"ఒరితా గారూ." ఇవామురా వంగి దణ్ణం పెట్టాడు. "మా బండి... అక్కడిదాకా చేరిందాండీ?"

చేరింది అన్నాడు జెంజో. నిజమే కదా. "మా పక్కనే వచ్చాడు, చివరిదాకా. ఇంజను బ్రహ్మాండంగా తిరిగింది, ఇవామురా." అక్కడితో ఆగితే పోయేది. ఇవామురా తలెత్తాడు, ఆ కళ్ళ చుట్టూ బూడిదా నూనే కలిసి మెత్తినట్టుంది, "మరి... తగిలిందాండీ?" అని అడిగాడు. ఆ వెనక నిలబడ్డవాళ్ళందరి మొహాలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఇంత చిన్న మనుషులు, ఇంత తక్కువ అడుగుతున్నారు. ఇంజను బాగుచేసిన చేతులతోనే ఆ విమానాన్ని పంపి తగలబెట్టించుకున్నారు అని వీళ్ళకి చావుకబురు చల్లగా చెప్పాలా, ఇక్కడా, ఇప్పుడా. చెప్పాల్సింది మత్సుయేకి. వీళ్ళకి ఏం చెప్తే ఏం. జెంజో తల ఊపాడు. "వాహక నౌకకేనా అండీ?" మళ్ళీ ఊపాడు. ఇవామురా చంకలోని దిమ్మని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, ఏడ్చాడు. ఎవరో ఒకడు కొండ వైపు పరిగెత్తాడు. ఎందుకు పరిగెత్తాడో జెంజోకి నాలుగడుగులు వేశాక గాని తట్టలేదు.

గదిలో సెగలు కక్కే దీపం, టీ వాసన. మత్సుయే లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు. "రా ఒరితా. నగమినె సంగతి ఇప్పుడే తెలిసింది. నువ్వే కళ్ళారా చూశావట." గోడకున్న పటం మీద ఎర్ర గుర్తులు అప్పటికే మూడున్నాయి. లేదండీ అన్నాడు జెంజో. ఒక్కొక్క మాటా రాయి మోసినట్టు మోసుకొచ్చి పెట్టాడు, నగమినె టార్పెడో వదల్లేదు, సముద్రం మీద మండినవి మన విమానాలు, తోక మీద అంకె చదివాను, వాళ్ళ నౌకలన్నీ ఉన్నాయి, పగటి దళాన్ని పంపొద్దు. చెప్పేశాడు. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. మత్సుయే కోప్పడలేదు, టీ పోసి ఇచ్చాడు. "అయితే ఇవామురాకి అబద్ధం చెప్పావా?" "చెప్పాను." "సరే, అతన్నే పిలుద్దాం. అతని ఎదురుగా అను, మిగతావాళ్ళూ వింటారు. నువ్వంటే నాకు గౌరవం, ఒరితా, నువ్వు అంటే ఆపేస్తాను."

ఆపేస్తాను అన్నాడు. జెంజో ఆ మాట పట్టుకున్నాడు. ఇవామురా వచ్చాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, వెనక అతని మనుషులూ, ఇంకెవరెవరో. జెంజో అతని మొహం చూడకుండా, పటం చూస్తూ, చెప్పాడు. పూర్తిగా చెప్పాడు. నన్ను క్షమించు ఇవామురా, నగమినె ఏ నౌకనీ కొట్టలేదు, కొట్టకముందే కాలిపోయాడు, నీతో అన్నది జాలికొద్దీ అన్నాను. చెప్పి అటు తిరిగాడు. ఇవామురా మొహంలో నొప్పి లేదు, కోపం లేదు, జాలి ఉంది, అదే జాలి, ఇందాక తను పెట్టినదాన్నే తిరిగి వడ్డిస్తున్నట్టుంది. "రాత్రంతా నిద్ర లేదు గదండీ" అన్నాడు ఇవామురా మత్సుయేతో, ఎంతో మర్యాదగా. "తోటివాడు పోయాడు, మనసు చెదిరింది పాపం. దిగ్గానే నాతో అన్నదే అసలు మాటండీ. అప్పుడింకా తేరుకుని ఉన్నారు." వెనకాల అందరూ తలలు ఊపారు. మత్సుయే జెంజో భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళి పడుకో అన్నాడు. బలవంతాన గొంతు పెంచబోతే, ఊరుకో ఒరితా, అతని ముందా, అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. ఇచ్చిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదని, అది పుచ్చుకున్నవాడి సొంతమైపోయిందని జెంజోకి అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం. తన నోటితో తనే తమ్ముణ్ణి అమ్మేశాడు.

బయటికి వచ్చేసరికి పగటి దళం ఇంజన్లు తిరుగుతున్నాయి. దుమ్మూ బూడిదా కలిసి లేస్తున్నాయి. పరిగెత్తాడు. మినోరు విమానం బారులో నాలుగోదో ఐదోదో, అద్దం వెనక్కి తోసి ఉంది, తల మీద తెల్ల పట్టీ, బుగ్గలో ఏదో నములుతున్నాడు. రెక్క దగ్గరికి చేరాడు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఏం చెప్పాలి? వెళ్ళొద్దనా? వెళ్ళనంటే ఇక్కడే కాల్చేస్తారు, వెళ్తే అక్కడ. నౌకలన్నీ ఉన్నాయిరా, నీ కోసమే ఉన్నాయి అనా? ఆ నిజం గంట కిందట ప్రాణం నిలిపేది, ఇప్పుడు ఈ దారిపొడుగునా వాణ్ణి భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. మినోరు వంగి అరిచాడు, "మూడంట గదా అన్నయ్యా! నీ కళ్ళతో చూశావంట!" జెంజో నోరు తెరిచాడు. వాడి బుగ్గలోది దుంప ముక్క, చిన్నప్పటి నుంచీ పచ్చిదే తింటాడు, అమ్మ ఎంత కొట్టినా మానలేదు. చక్రాల దిమ్మలు తీశారు, విమానం కదిలింది. మైదానం పొడుగునా వంటవాళ్ళూ మెకానిక్కులూ గుమాస్తాలూ అందరూ వరసగా నిలబడి టోపీలు తీసి తల మీద గుండ్రంగా తిప్పుతున్నారు, వెళ్ళేవాళ్ళని అలాగే సాగనంపాలి. మినోరు వెనక్కి తిరిగి అన్నయ్య కోసం చూశాడు. ఊపనివాడు ఒక్కడే ఉంటే వాడికి అర్థమైపోతుంది. జెంజో టోపీ తీశాడు, అందరికంటే ఎత్తుగా పట్టుకుని తిప్పాడు, చెయ్యి పడిపోతున్నా తిప్పుతూనే ఉన్నాడు. అది చూసి మినోరు నిశ్చింతగా నవ్వి, ముందుకు తిరిగి, అద్దం మూసుకున్నాడు.